ఒకే దుమ్ము

వారమంతా గుత్తి దాటినాక వచ్చే రైలు గేటు నాది.
ఎర్రదొకటి, పచ్చదొకటి, రాత్రికి చేతిదీపం.
గూడ్సు వచ్చినా ఎక్స్‌ప్రెస్సు వచ్చినా
జెండాకు రెండో మాట రాదు.

సెలవు దొరికిన ఆదివారం మాత్రం
ఇంకో రంగు పడతాను.
పామిడి బజారులో మీటరు యాభైకి తెచ్చిన పసుపు గుడ్డ,
అంచు మా ఆవిడ కుట్టింది, కర్ర వేపది.
శెనక్కాయ పీకేసిన చేను, ట్రాక్టరుతో తొక్కించిన దారి,
వెనక గుత్తి కోట కొండ,
ఇరవై రెండు మోటారు సైకిళ్లు.
మూడో మలుపు నాది.

పసుపు ఊపినానంటే ముందర ఎవడో పడినాడని.
నెమ్మదించు, ఎవర్నీ దాటొద్దు.
ఇంతే చట్టం,
పిల్లోడి అరచేతిలో రాయొచ్చు.

నాలుగో చుట్టులో మాబుసా పడినాడు.
బండి కింద కాలు, చక్రం ఇంకా తిరుగుతానే ఉంది.
ఊపినా. భుజం పీకేదాకా ఊపినా.
అప్పుడొచ్చినాడు పదిహేడో నంబరు,
ఉరవకొండ పంచర్ షాపు ఓబుళేసు,
ఒకణ్ణి దాటేసి పోయినాడు.
వాని వెనకాల, వాని దుమ్ము అణగకముందే,
నాలుగో నంబరు, క్వారీ ఓనరు మేనల్లుడు ప్రణీత్,
ఇద్దర్ని దాటినాడు.
బీడీ కట్ట అట్ట మీద పెన్సిలుతో రాసుకున్నా:
పదిహేడు. నాలుగు.

షామియానా కింద జడ్జీలు, మజ్జిగ గ్లాసులు.
పదిహేడుకు పది సెకన్లు కోత.
"కండ్లు యాడ పెట్టుకున్నావురా?"
నాలుగుకు?
"దుమ్ములో కనపడలేదంటప్పా పిల్లోనికి."
ఆ షామియానా గుడ్డ మీద క్వారీ పేరుంది.
నన్నడిగినారు, "నువ్వు సరిగ్గా ఊపినావా?"
ఒకే ఊపు సార్, మధ్యలో చెయ్యి కూడా మార్చలేదు.

మా నాయన బండలాగుడు పందేల్లో టేపు పట్టేవాడు.
ఎవరి ఎద్దులైనా సరే,
నాలుగు వేళ్లు తక్కువైతే నాలుగు వేళ్లే తక్కువ.
ఒక ఏడు సర్పంచి కాడికి కూడా అట్లే చెప్పినాడు.
మరుసటేడు టేపు ఇంకొకరు పట్టినారు.
నాయనకేమీ కాలేదు,
ఇంట్లో కూచుని పందెం మైకులో విన్నాడు, అంతే.

ఓబుళేసు నా మీదికి వస్తాడనుకున్నా.
నంబరు రాసింది నేనే కదా.
హెల్మెట్టు చంకలో పెట్టుకొని నింపాదిగా అన్నాడు:
"నా పది సెకన్లు తీసేయమనడం ల్యాదన్నా.
దాటినా. తప్పే.
వానికీ పది రాయమను, సాలు."
ఈ మాట షామియానాలోకి మోసుకుపోయినా.
అప్పటికే కప్పు ఇచ్చేసినారు,
ఫోటోలకు నిలబడినారు.

ఇంత రభసలో
మాబుసా పేరు ఎవరూ ఎత్తలేదు.
ఎవడు ఎవణ్ణి దాటినాడు, ఎన్ని సెకన్లు,
అంతా అదే లెక్క.
ఆ గుడ్డ ఊపింది ఎవరి కోసమో
అందరమూ మరచిపోయినాం, నేను కూడా.

ఆటోలో పడుకోబెట్టి ఉన్నారు వాణ్ణి,
కాలికి రెండు చెక్కలు కట్టి.
"ఎంతమంది దాటినార్రా గేటన్నా?" అన్నాడు.
ఇద్దరన్నా.
"ఒకడు బాగా దగ్గరగా పోయినాడు.
చెవికి గాలి కొట్టింది.
ఎవడో తెలీలేదు. దుమ్ము."

సోమవారం డ్యూటీకి పోయేముందు చూస్తే
మా ఆవిడ జెండా ఉతికి ఆరేసింది.
ఎర్రమన్ను పూర్తిగా వదల్లేదు.
"ఇది పసుపేనా ఇంక?" అంది.
దడి దాటి, దిబ్బ దాటి, రోడ్డు దాకా నడిచినా,
మూడో మలుపుకు ముందు
బండి మీది మనిషికి ఎంత దూరమో అంత దూరం.
వెనక్కి తిరిగి చూసినా.

కనపడతాంది.